నాలుగక్షరమ్ముక్కలు

"నాలుగక్షరమ్ముక్కలు రావాల్రా" అనేది మా అమ్మ
రేషను షాపులో వేలిముద్ర వేసి వచ్చిన ప్రతిసారీ.
వచ్చాయమ్మా.
సరిగ్గా నాలుగే.
వాటితోనే నాకు జీతం.

ఏడువేల రెండొందల అక్షరాల పొడుగు దారం.
అవే నాలుగు, అటు మారి ఇటు మారి.
ఒత్తుల్లేవు, గుణింతాల్లేవు,
ఊపిరి తీసుకోడానికి ఒక చుక్కయినా లేదు.
వైరస్ రాసుకున్న ఉత్తరం.
ఎక్కడినుంచి రాసిందో మాత్రం
మనమే వెతుక్కోవాలి.

వైశాఖంలో మొదలైంది.
ఉప్పుకొటార్ల వీధిలో ముందు కళ్లు పచ్చబడింది
హార్బర్లో ఐసు కొట్టే కుర్రాడికి.
తర్వాత వాళ్ల మేడమీద అద్దెకున్న టీచరమ్మకి.
పసరు పోయించుకున్నారు, మణికట్టు మీద వాత పెట్టించుకున్నారు,
చెరుకురసం బండివాడు రెండో బండి కొన్నాడు.
నలభై మూడో మనిషి వచ్చేసరికి
కేజీహెచ్ వార్డులో మంచాలు చాలక
నేలమీద చాపలు.

పద్నాలుగో నమూనా మైలపల్లి లోవకుమారిది.
ఏడో నెల.
ఈ జబ్బు చూలింతల మీద మరీ కక్షగా ఉంటుందని
పుస్తకంలో ఒక వాక్యం ఉంది,
పరీక్షలో రాసి నేను మార్కులు తెచ్చుకున్న వాక్యం.
ఆమె రక్తం నా ఐసుపెట్టెలో ఉండగానే
ఆమె పోయింది.
గొట్టానికి నంబరుంది.
లోపలి బిడ్డకి అదీ లేదు.

ఆ రాత్రే దాలయ్య పందుల్ని తోలేశారు.
తొమ్మిది. అందులో ఒకటి ఈనబోతోంది.
"పందులవల్లే" అని టీవీలో ఎవరో అన్నారట.
మొన్న తదియనాడే కొండమీద వరాహస్వామికి
చందనం ఒలిచి, కళ్లారా చూసి, మళ్లీ పూసిన ఊరు
గెడ్డగట్టున రాళ్లేరుకుంది.

అనుమానం పూర్తిగా అబద్ధం కాదు, అదీ చెప్పాలి.
పందుల్లోనూ ఉంటుంది ఈ వైరస్.
అందుకే తప్పించుకుని తిరిగొచ్చిన ఒక్కదాని పెంట
సీసాలోకి ఎత్తుకున్నాను,
వెనకే దాలయ్య, ఒక్క మాటా లేకుండా.

మిషను రాత్రంతా గొణిగింది.
తెల్లారి అక్షరాల వరసల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి
చేటలో బియ్యం చూసినట్టు చూశాను.

పందిలో దొరికింది దూరపు చుట్టం,
ప్రతి నాలుగక్షరాలకీ దాదాపు ఒకటి తేడా.
ఐసు కుర్రాడికీ టీచరమ్మకీ లోవకుమారికీ మధ్య
మొత్తం దారంలో రెండో మూడో.
కుళాయి నీళ్లలో దొరికిందీ అదే.
మురుక్కాలవలో మునిగి నడిచే పైపుకి
ఎవరో ఎప్పుడో చుట్టిన సైకిల్ ట్యూబు విప్పి
ఫిట్టరు సన్యాసిరావు బొటనవేలు పట్టే చిల్లు చూపించాడు.
"నీలొదిల్నప్పుడు బయిటికి కారతాదండి,
కట్టీసినప్పుడు లోపలికి పీల్చుకుంటాది."

అక్కడితో ఆగితే బాగుండేది.
ఫ్రీజరు అడుగున మంచు పట్టిన పెట్టెలో
ఆరేళ్ల కిందటి గొట్టం ఒకటి దొరికింది.
వేరే పేట, వేరే వేసవి, అప్పుడెవరూ చదవనిది.
చదివాను.
నలభై అక్షరాల దూరం, అంతే.
ఏడాదికి ఆరో ఏడో తప్పులు రాసుకుంటూ
అద్దెకున్నవాళ్లు ఇళ్లు మారినట్టు పేటలు మారుతూ
మనలోనే ఉంది.
ఎక్కణ్ణుంచీ రాలేదు.

కాగితం పట్టుకుని దాలయ్య దగ్గరికెళ్లాను.
ఖాళీ దొడ్డి. తొట్టిలో ఎండిన తవుడు.
మీ పందులది కాదు, తేలింది, అన్నాను.
కాగితం తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు.
"ఇందల నా పందులేవి బాబూ?"

చూపించాను, కొమ్మలన్నిటికీ అవతల
పొడుగాటి గీత చివర, ఒంటరిగా.
దానిమీద వేలుంచి చాలాసేపు తియ్యలేదు.
"మరి తోలీసినోల్లు ఏ కొమ్మ మీదున్నారు?"

నేను చెప్పులు చూసుకున్నాను.
"నీలొచ్చీ యేలయింది, ఎల్లండి" అని
తనే బకెట్టు అందుకున్నాడు.

వీధి పొడుగునా బిందెలు వరసకట్టాయి.
లోవకుమారి అత్త
ఒక బిందె తక్కువ తెచ్చుకుంది.